యాంజియోప్లాస్టీ, స్టెంట్: తరచుగా అడిగే ప్రశ్నలు

నాన్నకి స్టెంట్ వేసి కొన్నేళ్ళయింది. అప్పటి నుంచి చుట్టాల్లో, తెలిసినవాళ్ళలో ఎవరికి గుండెలో బ్లాక్ ఉందని చెప్పినా ముందు మాకే ఫోన్ వస్తుంది. అడిగేవి కూడా దాదాపు అవే ప్రశ్నలు. ఆ టైమ్‌లో మనిషికి కాళ్ళూ చేతులూ ఆడవు, డాక్టర్ చెప్పింది సగం బుర్రకెక్కదు, ఇంటికొచ్చాక గానీ సందేహాలు మొదలవవు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. నాన్నను చూసే కార్డియాలజిస్టుని అడిగి తెలుసుకున్నవి, తర్వాత చదివి సరిచూసుకున్నవి మాత్రమే ఇందులో ఉన్నాయి. మీ మందుల విషయంలో మీ డాక్టర్ మాటే వినండి. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

ఒకవేళ ఇప్పుడు ఛాతీలో బరువుగా, పట్టేసినట్టుగా ఉండి, చెమటలు పడుతూ ఇది చదువుతుంటే, చదవడం ఆపి అంబులెన్స్ పిలవండి.

## నిర్ణయం తీసుకునే ముందు

యాంజియోగ్రామ్, యాంజియోప్లాస్టీ రెండూ ఒకటేనా?

కాదు. యాంజియోగ్రామ్ పరీక్ష. చేతి నుంచో తొడ దగ్గర నుంచో సన్నటి గొట్టం పంపి, గుండె రక్తనాళాల్లోకి డై ఎక్కించి, ఎక్స్‌రేలో ఎక్కడ సన్నబడిందో చూస్తారు. యాంజియోప్లాస్టీ చికిత్స. అదే దారిలో సన్నటి తీగ, దాని మీదుగా చిన్న బెలూన్ పంపి, పూడుకుపోయిన చోట బెలూన్‌ని ఉబ్బించి నాళాన్ని వెడల్పు చేస్తారు, దాదాపు ఎప్పుడూ అక్కడ స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం కూడా పెడతారు. ఒక్కోసారి రెండూ ఒకే సిట్టింగ్‌లో అయిపోతాయి కాబట్టి జనం కలిపేసుకుంటారు. సంతకం పెట్టే కాగితం పరీక్షకి మాత్రమేనా, చికిత్సకి కూడానా అన్నది ముందే అడగండి.

80 శాతం బ్లాక్ ఉందన్నారు. వెంటనే స్టెంట్ వేయించకపోతే ప్రాణానికి ప్రమాదమా?

అందరూ అడిగేది ఇదే, అందరూ తొందరపడేది కూడా ఇక్కడే. జవాబు శాతాన్ని బట్టి ఉండదు, మనిషి ఏ పరిస్థితిలో ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

హార్ట్ ఎటాక్ వచ్చి, ఈసీజీలో నాళం పూర్తిగా మూసుకుపోయినట్టు తేలితే ఆలోచించడానికేమీ లేదు. నిమిషం నిమిషానికీ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. ఆసుపత్రి గడప తొక్కిన 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది ప్రపంచమంతా పాటించాలని చూసే లెక్క. అప్పుడు యాంజియోప్లాస్టీ ప్రాణం కాపాడుతుంది, అందులో రెండో మాట లేదు. కూర్చున్నా నొప్పి వస్తున్నా, రోజురోజుకీ పెరుగుతున్నా కూడా ఆసుపత్రిలోనే ఉండి త్వరగా తేల్చుకోవాలి.

కానీ నెలల తరబడి ఒకే తీరుగా, గబగబా నడిచినప్పుడు మాత్రమే నొప్పి వచ్చి, ఆగితే తగ్గిపోయేవాళ్ళ సంగతి వేరు. 2007లో వచ్చిన కరేజ్ అధ్యయనం, ఆ తర్వాత 5 వేల మందికి పైగా రోగులతో చేసి 2020లో ప్రచురించిన ఇస్కీమియా అధ్యయనం, రెండూ ఇలాంటివాళ్ళ మీదే చేశారు. మంచి మందులతో పాటు స్టెంట్ వేసినవాళ్ళకీ, మందులతోనే నడిపించినవాళ్ళకీ మధ్య మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొత్తమ్మీద స్టెంట్ వల్ల హార్ట్ ఎటాక్‌లు కూడా తగ్గలేదు. తగ్గింది నొప్పి. నొప్పి తరచుగా వచ్చేవాళ్ళకి ఆ ఉపశమనం చాలా పెద్దది, దాన్ని తీసిపారేయకూడదు.

ఎందుకిలా అంటే, హార్ట్ ఎటాక్ ఎక్కువసార్లు వచ్చేది బాగా బిగుసుకుపోయిన చోట కాదు. పెద్దగా అడ్డంలేని, పైపొర పలచగా ఉన్న కొవ్వు ముద్ద ఒక్కసారిగా పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. స్టెంట్ వేసిన చోటు బాగుపడుతుంది, మిగతా నాళమంతా మందుల మీదే ఆధారపడి ఉంటుంది.

మినహాయింపులున్నాయి. ఎడమవైపు ప్రధాన నాళంలో, అంటే లెఫ్ట్ మెయిన్‌లో బ్లాక్ ఉన్నా, గుండె పంపింగ్ బాగా తగ్గినా, మందులు సరిగ్గా వాడినా నొప్పి ఆగకపోయినా లెక్క మారుతుంది. కాబట్టి డాక్టర్‌ని ఒక్క మాట అడగండి: "ఇది ఇవాళ చేయకపోతే ఏమవుతుంది?" దానికి వచ్చే జవాబులోనే మీకు టైమ్ ఉందో లేదో తెలిసిపోతుంది.

ఒక డాక్టర్ 70 శాతం అన్నారు, ఇంకొకరు 50 అన్నారు. ఎవరిది నిజం?

ఇద్దరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. చాలాసార్లు ఈ శాతం కంటితో వేసిన అంచనా, ఒకే బొమ్మ చూసి ఇద్దరు వేరువేరుగా చెప్పడం మామూలే. సాధారణంగా 70 శాతం దాటితే, లెఫ్ట్ మెయిన్‌లో అయితే 50 దాటితే సీరియస్‌గా తీసుకుంటారు. మధ్యలో ఉండే బ్లాక్‌లకి ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే కొలత ఉంది. బ్లాక్‌కి ముందు, తర్వాత రక్తపు ఒత్తిడి ఎంతుందో సన్నటి తీగతో కొలుస్తారు. 0.80 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఆ బ్లాక్ నిజంగానే రక్తాన్ని ఆపుతున్నట్టు. అంతకంటే ఎక్కువ వస్తే మందులతో ఉండొచ్చని మంచి ఆధారాలున్నాయి. 50, 60 అంటున్నప్పుడు "ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూశారా?" అని అడగడం తప్పేం కాదు.

స్టెంటా, బైపాసా?

ఒకటి రెండు చోట్ల, తేలిగ్గా అందే బ్లాక్‌లయితే స్టెంట్. మూడు నాళాల్లోనూ చాలా బ్లాక్‌లుండి, పైగా షుగర్ ఉంటే బైపాస్, అంటే బ్లాక్‌ని దాటించి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్, ఎక్కువ కాలం మేలు చేస్తుంది. 2012లో వచ్చిన ఫ్రీడమ్ అధ్యయనం షుగర్ ఉన్నవాళ్ళలో ఇదే తేల్చింది, అందులో బైపాస్ చేయించుకున్నవాళ్ళలో మరణాలూ హార్ట్ ఎటాక్‌లూ తగ్గాయి, పక్షవాతం మాత్రం కొంచెం ఎక్కువ కనిపించింది. ఛాతీ తెరవాలంటే భయం సహజం, కోలుకోవడానికి వారాలు పడుతుంది కూడా. కానీ ఆ భయం ఒక్కటే చూసి ఐదారు స్టెంట్లకి ఒప్పుకోకండి. ఇలాంటి కేసుల్లో కార్డియాలజిస్టు, హార్ట్ సర్జన్ ఇద్దరూ కూర్చుని చూడాలి. అర్జెంటు కాకపోతే యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని రెండో అభిప్రాయానికి వెళ్ళండి, అది మీ హక్కు.

మందులతో బ్లాక్ కరిగిపోతుందా?

పూర్తిగా కరగదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు గట్టి మోతాదులో వాడితే కొవ్వు ముద్ద కొద్దిగా చిక్కుతుంది, అంతకంటే ముఖ్యంగా దాని పైపొర గట్టిపడి పగిలే ప్రమాదం తగ్గుతుంది. అసలు మేలు అక్కడే ఉంది. డ్రిప్‌లు ఎక్కించి బ్లాక్‌లు కరిగిస్తామనే ప్రకటనలు చూసి మాత్రం డబ్బు, అంతకన్నా విలువైన సమయం పోగొట్టుకోకండి. అవి మూసుకున్న నాళాన్ని తెరుస్తాయనడానికి ఆధారం లేదు.

వయసు 80 దాటింది, తట్టుకుంటారా?

వయసు ఒక్కటే అడ్డు కాదు. కిడ్నీలు, రక్తస్రావం ప్రమాదం, మనిషి ఓపిక, ఇవన్నీ చూసి చెబుతారు. హార్ట్ ఎటాక్‌లో అయితే పెద్ద వయసువాళ్ళకీ చేస్తారు.

## క్యాథ్ ల్యాబ్‌లోకి (ఇవి చేసే గదిలోకి) వెళ్ళే ముందు

డాక్టర్‌కి మర్చిపోకుండా ఏమేం చెప్పాలి?

ముందు కిడ్నీల సంగతి, ఎందుకంటే డై వాటి మీద భారం వేస్తుంది, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష రిపోర్ట్ దగ్గర పెట్టుకోండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి దాన్ని ఆపి, 48 గంటల తర్వాత మళ్ళీ పరీక్ష చేసి మొదలుపెట్టిస్తారు. గతంలో డై పడకపోవడం, ఆస్పిరిన్ పడకపోవడం, కడుపులో పుండు, నల్లటి విరేచనాలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటి మందులు, ఏదీ దాచొద్దు. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: రాబోయే నెలల్లో ఏదైనా ఆపరేషన్ అనుకుని ఉంటే ఇప్పుడే చెప్పాలి. స్టెంట్ పడ్డాక కొన్ని నెలలు రక్తం పలచబరిచే మందులు ఆపడానికి వీలుండదు, ఆ ఆపరేషన్ ఇరుకున పడుతుంది.

చేతి నుంచి మంచిదా, తొడ నుంచి మంచిదా?

వీలైతే మణికట్టు. రక్తస్రావం తక్కువ, కాసేపటికే లేచి కూర్చోవచ్చు. చేతి నాళం మరీ సన్నగా ఉన్నా, మెలికలు తిరిగి ఉన్నా, పెద్ద పరికరాలు కావాల్సి వచ్చినా తొడ దగ్గర నుంచి వెళ్తారు. అలా చేసినంత మాత్రాన ఏదో తేడా జరిగిందని కంగారుపడొద్దు.

## లోపల ఏం జరుగుతుంది

మత్తు ఇస్తారా? నొప్పి తెలుస్తుందా?

పూర్తి మత్తు సాధారణంగా ఇవ్వరు. గొట్టం పెట్టే చోట తిమ్మిరి ఇంజెక్షన్, టెన్షన్ తగ్గడానికి కొంచెం మందు, అంతే. మీరు మెలకువగానే ఉంటారు, డాక్టర్ మాటలు వినిపిస్తాయి. రక్తనాళాల లోపల స్పర్శ తెలియదు కాబట్టి తీగ వెళ్తున్నట్టు కూడా అనిపించదు. డై ఎక్కినప్పుడు ఒళ్ళంతా వేడి పాకినట్టు ఉండొచ్చు. బెలూన్ ఉబ్బించిన కొన్ని సెకన్లు ఆ నాళంలో రక్తం ఆగుతుంది, అప్పుడు మీకు అలవాటైన ఆ ఛాతీ నొప్పే రావచ్చు, బెలూన్ దించగానే తగ్గుతుంది. ఇది ముందే తెలిసి ఉంటే భయం సగం పోతుంది. మా నాన్నకి ఎవరూ చెప్పలేదు, ఆ కొన్ని సెకన్లు మళ్ళీ ఎటాక్ వచ్చిందనుకుని హడలిపోయారు. నొప్పి వస్తే ఓర్చుకుంటూ ఉండకుండా బయటికి చెప్పండి.

ఈ పద్ధతి ఎప్పటి నుంచి ఉంది? నమ్మొచ్చా?

1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్సిగ్ అనే డాక్టర్, మెలకువగా ఉన్న 38 ఏళ్ళ రోగికి మొదటిసారి గుండె నాళంలో బెలూన్ ఉబ్బించారు. పదేళ్ళ తర్వాత చూసినా ఆ చోటు తెరుచుకునే ఉంది. అందరికీ అంత బాగా జరగలేదు. బెలూన్ ఒక్కటే వాడినప్పుడు పది మందిలో ముగ్గురు నలుగురికి కొన్ని నెలల్లోనే అదే చోటు మళ్ళీ సన్నబడేది, ఒక్కోసారి అక్కడికక్కడే నాళం ముడుచుకుపోయేది. ఆ బాధ తప్పించడానికే 1986లో మనుషుల గుండె నాళాల్లో మొదటి స్టెంట్లు వేశారు. 2000 తర్వాత మందు పూత ఉన్న స్టెంట్లు వచ్చి, మళ్ళీ సన్నబడడం బాగా తగ్గింది. అంటే దాదాపు 50 ఏళ్ళుగా తప్పులు దిద్దుకుంటూ వచ్చిన చికిత్స ఇది.

స్టెంట్ అంటే ఏంటి? లోపల కదిలిపోదా?

సన్నటి లోహపు జాలీ గొట్టం. ఎక్కువగా కోబాల్ట్ క్రోమియంతోనో ప్లాటినం క్రోమియంతోనో చేస్తారు, వెడల్పు 2 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. బెలూన్ మీద ముడిచి తీసుకెళ్ళి, ఎక్కువ ఒత్తిడితో ఉబ్బించి నాళం గోడకి అదిమేస్తారు. తర్వాత వారాలు, నెలల్లో నాళం లోపలి పొర దాని మీదుగా పెరిగి కప్పేస్తుంది. దగ్గినా, తుమ్మినా, పరిగెత్తినా కదలదు. దాని మీద పూత పూసిన ఎవరోలిమస్ లాంటి మందు నెమ్మదిగా విడుదలై లోపలి మచ్చ కణజాలం అతిగా పెరగకుండా చూస్తుంది.

ప్రమాదం ఎంత?

అర్జెంటు కాకుండా, ప్లాన్ చేసి చేసేదాంట్లో పెద్ద ప్రమాదాలు అరుదు. గొట్టం పెట్టిన చోట రక్తస్రావం, గూడుకట్టడం కాస్త మామూలే. నాళం చీరడం, పక్షవాతం, ప్రొసీజర్‌లోనే హార్ట్ ఎటాక్, అప్పటికప్పుడు బైపాస్‌కి తీసుకెళ్ళాల్సి రావడం జరగొచ్చు. ఈ చివరిది ఇప్పుడు నూటికి ఒక్కరికన్నా తక్కువ. హార్ట్ ఎటాక్‌తో, బీపీ పడిపోయి వచ్చినవాళ్ళకి మాత్రం ప్రమాదం చాలా ఎక్కువ, అది చికిత్స వల్ల కాదు, అప్పటికే గుండె ఉన్న స్థితి వల్ల. సున్నా ప్రమాదం అని ఎవరైనా అంటే నమ్మకండి.

మూడు బ్లాక్‌లుంటే ఒక్కటే తెరిచి పంపారు. సగంలో వదిలేశారా?

కాదు. హార్ట్ ఎటాక్‌లో ముందు ఎటాక్‌కి కారణమైన నాళాన్ని తెరుస్తారు. మిగతా పెద్ద బ్లాక్‌లు అవసరమైతే అదే అడ్మిషన్‌లోనో, కొన్ని వారాల్లో రెండోసారి పిలిచో చేస్తారు. డై మోతాదు, కిడ్నీలు, రోగి స్థితి చూసి అలా విడగొడతారు. ఆ రెండో తేదీ ఎప్పుడో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి.

## ఇంటికొచ్చాక

ఎన్ని రోజుల్లో మామూలుగా తిరగొచ్చు?

ప్లాన్ చేసి చేసిందైతే చాలామంది మర్నాటికే ఇంటికొస్తారు, వారంలోపు పనుల్లో పడతారు. చేతి నుంచి చేస్తే కొన్ని రోజులు ఆ చేత్తో బరువులు ఎత్తొద్దు, తొడ నుంచి అయితే వారం దాకా జాగ్రత్త. హార్ట్ ఎటాక్ తర్వాత అయితే రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, బండి నడపడం, బరువు పని ఎప్పటి నుంచో డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. నడక మాత్రం తొందరగానే మొదలుపెట్టాలి, రోజూ కొంచెం పెంచుకుంటూ. మంచం మీద కూర్చోబెట్టి చేతికి అన్నీ అందించడం ప్రేమే, కానీ గుండెకి అది మేలు చేయదు. కార్డియాక్ రీహాబ్, అంటే గుండె రోగులకి దగ్గరుండి వ్యాయామం, జాగ్రత్తలు నేర్పే కార్యక్రమం, దొరికే చోట ఉంటే తప్పకుండా చేరండి.

గొట్టం పెట్టిన చోట నల్లగా కమిలింది, భయపడాలా?

నీలంగా, పసుపుగా మారుతూ ఒకటి రెండు వారాల్లో తగ్గిపోయేదైతే ఫరవాలేదు. వాపు పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, చెయ్యి గానీ కాలు గానీ చల్లబడి తిమ్మిరెక్కినా వెంటనే వెళ్ళాలి. రక్తం కారితే వేళ్ళతో గట్టిగా అదిమి పట్టుకునే బయల్దేరండి.

దాంపత్య జీవితం?

అడగడానికి మొహమాటపడి ఏళ్ళ తరబడి భయంతో దూరంగా ఉండిపోతున్నవాళ్ళున్నారు, అందుకే సూటిగా రాస్తున్నాను. రెండంతస్తుల మెట్లు ఛాతీ నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా ఇబ్బంది లేదు. ఒక్క హెచ్చరిక: ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్రలు, నాలుక కింద పెట్టుకునే మాత్రతో సహా, వాడేవాళ్ళు అంగస్తంభనకి వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ లాంటివి వేసుకోకూడదు. బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది.

## మందులు

ఒంట్లో బాగానే ఉంది, రక్తం పలచబరిచే మాత్రలు ఆపేయొచ్చా?

వద్దు. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటారంటే ఇది గుర్తుంచుకోండి. స్టెంట్ ఒంటికి కొత్త లోహం. దాని మీద లోపలి పొర కప్పుకునే దాకా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, గడ్డకడితే నాళం ఒక్కసారిగా మూసుకుపోయి పెద్ద హార్ట్ ఎటాక్ వస్తుంది, చాలామంది బతకరు. అందుకే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్‌లో ఒకటి, రెండూ కలిపి ఇస్తారు. ప్లాన్ చేసి వేసిన స్టెంట్‌కి మామూలుగా 6 నెలలు, హార్ట్ ఎటాక్ తర్వాత 12 నెలలు. రక్తస్రావం ప్రమాదం ఉన్నవాళ్ళకి తగ్గిస్తారు, కొందరికి పొడిగిస్తారు. ఆ తర్వాత ఒక మాత్ర, ఎక్కువమందికి ఆస్పిరిన్, అలాగే కొనసాగుతుంది. తగ్గించేదీ మార్చేదీ కార్డియాలజిస్టే.

స్టెంట్ వేసిన రెండో నెలలో నాన్నకి పన్ను తీయాల్సి వచ్చింది. ఆ పంటి డాక్టర్ రెండు మాత్రలూ ఐదు రోజులు ఆపమన్నారు, నాన్న ఆపేశారు కూడా. రెండో రోజు రాత్రి మాత్రల డబ్బా నిండుగా కనిపిస్తే నాకు గుండె జారిపోయింది. కార్డియాలజిస్టుకి ఫోన్ చేస్తే వెంటనే వేయమన్నారు. ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి మేమెవరం నిద్రపోలేదు.

మరి పన్ను తీయించుకోవాలన్నా, ఆపరేషన్ చేయించుకోవాలన్నా ఎలా?

పన్ను తీయడం లాంటివి చాలావరకు మాత్రలు ఆపకుండానే, అక్కడే అదిమిపెట్టి రక్తం ఆపుతూ చేస్తారు. వాయిదా వేయగల పెద్ద ఆపరేషన్లని, ప్లాన్ చేసి వేసిన స్టెంట్ అయితే 6 నెలలు, హార్ట్ ఎటాక్ తర్వాత అయితే 12 నెలలు ఆపుకోవడం మంచిది. ఆగడానికి వీల్లేనిదైతే ఆపరేషన్ చేసే డాక్టర్, గుండె డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకోవాలి. మీరు మధ్యలో కబురు మోయొద్దు, నేరుగా ఫోన్ కలిపి ఇవ్వండి.

మాత్ర మార్చినప్పటి నుంచి ఊపిరి అందనట్టుంది?

టికాగ్రెలార్ వల్ల కొందరికి అలా అవుతుంది, ఊపిరితిత్తులకి హాని ఉండదు. గుండె వల్ల వచ్చిన ఆయాసం కాదని తేల్చుకోవడం మాత్రం అవసరం. భరించలేకపోతే వేరే మాత్రకి మారుస్తారు, మీ అంతట మీరు మానేయొద్దు.

కీళ్ళ నొప్పులకీ గ్యాస్‌కీ ఏం వాడాలి?

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోకండి. కడుపులో రక్తస్రావం, గుండె మీద భారం రెండూ పెరుగుతాయి. మామూలు నొప్పులకి పారాసిటమాల్ మెరుగు. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు గ్యాస్‌కి ఒమెప్రజోల్ కాకుండా పాంటోప్రజోల్ అడగండి, మొదటిది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది.

కొలెస్ట్రాల్ నార్మల్‌కి వచ్చింది, ఇంకా ఆ మాత్ర ఎందుకు?

నార్మల్‌కి వచ్చింది ఆ మాత్ర వల్లే. పైగా ల్యాబ్ కాగితం మీద ఉండే నార్మల్ మీకు వర్తించదు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 70 కంటే తక్కువ ఉండాలంటారు, యూరప్ కార్డియాలజిస్టుల మార్గదర్శకాలైతే 55 కంటే తక్కువ అంటున్నాయి. కండరాల నొప్పులొస్తే మోతాదు మార్చే దారులున్నాయి, చెప్పండి.

## ఏళ్ళు గడిచాక

స్టెంట్ ఎన్నేళ్ళు పనిచేస్తుంది?

దానికి ఎక్స్‌పైరీ లేదు, జీవితాంతం ఉంటుంది, మార్చేది కాదు. ఇప్పటి మందు పూత స్టెంట్లలో నూటికి పదిమంది లోపే అదే చోట మళ్ళీ సన్నబడుతుంది, షుగర్ ఉన్నా, పొడవాటి స్టెంట్లయినా కొంచెం ఎక్కువ. వేరే చోట కొత్త బ్లాక్ రావడం అన్నది పొగతాగడం మానడం, బీపీ, షుగర్, ఎల్‌డీఎల్ ఎలా ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. పొగ మానడానికి సరిసాటి మందు నాకైతే కనిపించలేదు.

ప్రతి ఏడాదీ యాంజియోగ్రామ్ చేయించాలా?

లక్షణాలు లేకపోతే అక్కర్లేదు. డాక్టర్‌ని కలవడం, బీపీ, రక్త పరీక్షలు చాలు.

ఎంఆర్‌ఐ, ఎయిర్‌పోర్ట్ స్కానర్?

ఇప్పటి స్టెంట్లతో ఎంఆర్‌ఐ చేయించుకోవచ్చు, స్టెంట్ కార్డు చూపించండి. స్కానర్లు దాన్ని పట్టుకునేంత లోహం అందులో లేదు.

మళ్ళీ నొప్పి వస్తే?

స్టెంట్ వేసిన మొదటి రోజుల్లో ఛాతీలో సన్నగా సూదిలా గుచ్చినట్టు ఉండి పోవడం చాలామందికి జరుగుతుంది, నాళం సాగినందువల్ల. కానీ మొదటిసారి వచ్చినట్టే బరువుగా, చేతికీ దవడకీ పాకుతూ, చెమటతో వస్తే వెంటనే కూర్చుని డాక్టర్ ఇచ్చిన నాలుక కింద మాత్ర పెట్టుకోండి. 5 నిమిషాల్లో తగ్గకపోయినా, పెరుగుతున్నా అంబులెన్స్ పిలవండి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు. ఆడవాళ్ళకీ, షుగర్ ఉన్నవాళ్ళకీ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం మాత్రమే రావచ్చు, గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి.

మా నాన్నకి స్టెంట్ పడింది, మేం కూడా పరీక్షలు చేయించుకోవాలా?

కన్నవాళ్ళలో, తోబుట్టువుల్లో మగవాళ్ళకి 55 లోపు, ఆడవాళ్ళకి 65 లోపు గుండె జబ్బు వచ్చి ఉంటే మీకు ముప్పు ఎక్కువ. పరిగెత్తుకెళ్ళి యాంజియోగ్రామ్ చేయించుకోనక్కర్లేదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, వీలైతే ఒక్కసారి లైపోప్రొటీన్ ఎ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం చెడు కొలెస్ట్రాల్) కూడా చూపించుకుని డాక్టర్‌తో మాట్లాడండి. నాన్న డిశ్చార్జ్ అయిన నెలలో నేనూ తమ్ముడూ చేయించుకున్నాం. తమ్ముడికి 34 ఏళ్ళకే ఎల్‌డీఎల్ 190 దాటి ఉంది, ఆ వారమే మాత్ర మొదలుపెట్టారు.